కుమానో కొండల్లో నిలిచిన చెట్లు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. జపాన్‌లో మా నడక సెలవుల గురించి చెప్పమన్నారు. అన్ని రోజులూ ఏకరువు పెడితే దేనికీ న్యాయం జరగదు కాబట్టి ఒక్క రోజు గురించే చెబుతాను. త్సుగిజకురా అనే చోటు నుంచి హొంగు గుడి దాకా, కొండల్లో, అడవిలో 20 కిలోమీటర్ల పైచిలుకు నడక. పొద్దున్నే బయలుదేరితే పొద్దుగూకే లోపు చేరతాం. నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. దారి పొడుగునా నా చూపు చెట్ల మీదే ఉంటుంది. ఈ మాటల్లో కూడా చెట్లే ఎక్కువ ఉంటాయి.

ముందు ఆ చోటు ఎక్కడో చెప్పుకుందాం. ఒసాకాకు దక్షిణంగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన భూభాగాన్ని కీ ద్వీపకల్పం అంటారు. దాదాపు అంతా కొండలే. పసిఫిక్ నుంచి వచ్చే తేమగాలి ఆ కొండలకు కొట్టుకుని అక్కడే కురిసేస్తుంది. తూర్పు తీరంలోని ఒవాసె పట్నంలో ఏడాదికి 4,000 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వాన పడుతుంది. మన కోస్తాలో చాలాచోట్ల 1,000 చుట్టూ ఉంటుంది, పోల్చుకోండి. అంత వాన, నిట్రమైన కొండలు, చిన్న చిన్న లోయలు. ఆ లోయల్లో కుమానో దేవుళ్ల గుళ్లు మూడున్నాయి: హొంగు, హయతమ, నచి. క్యోటో నుంచి గద్దె దిగిన చక్రవర్తులు 11, 12, 13 శతాబ్దాల్లో పరివారంతో సహా ఇక్కడికి నడిచి వచ్చేవారు. గో షిరకవ అనే ఆయన 30 సార్లకు పైగా వచ్చాడు. పోను రాను నెల రోజుల ప్రయాణం. తర్వాత మామూలు జనం మొదలుపెట్టారు. ఎంత జనం అంటే, కుమానో యాత్రను చీమల బారుతో పోల్చే మాట వాళ్ల భాషలో స్థిరపడిపోయింది. ఆ దారులనే కుమానో కోదో అంటారు. 2004లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుళ్లకూ కోటలకూ ఆ గుర్తింపు రావడం మామూలే, నడక దారికి రావడం అరుదు. స్పెయిన్‌లోని సాంటియాగో దారి అలాంటిదే ఇంకొకటి.

మేం నడిచింది నకహెచి అనే శాఖలో. దారి వెంట అక్కడక్కడ ఓజి అనే చిన్న చిన్న గుళ్లుంటాయి. కొన్నిచోట్ల గుడి పోయి ఒక రాయి మాత్రమే మిగిలింది. యాత్రికులు అక్కడ ఆగి, దండం పెట్టుకుని, కాస్త అలుపు తీర్చుకుని ముందుకు సాగేవారు. ఇప్పుడు ఓజిల దగ్గర చిన్న చెక్క పెట్టెలో రబ్బరు స్టాంపు ఉంటుంది. పుస్తకంలో వేసుకోవచ్చు. మా చెల్లెలు ఒక్కటి కూడా వదల్లేదు.

మా రోజు మొదలైంది త్సుగిజకురా ఓజి దగ్గర. రోడ్డు మీద నుంచి నిలువుగా రాతిమెట్లు, పైన చిన్న గుడి. మెట్లకు అటూ ఇటూ సుగి చెట్లు. సుగిని ఇంగ్లిష్‌లో జపాన్ దేవదారు అంటారు గానీ మన హిమాలయాల దేవదారుకు దీనికి దగ్గరి చుట్టరికం లేదు. ఇది సైప్రస్ కుటుంబానికి చెందింది. జపాన్ కొండల్లో సుగి చాలాచోట్ల కనపడుతుంది. కానీ ఈ చెట్లు వేరు. నలుగురైదుగురు చేతులు పట్టుకుంటే తప్ప మానుకు చుట్టు రాదు. పెద్దవాటి వయసు 800 ఏళ్ల దాకా ఉంటుందంటారు. బెరడు ఎర్రటి మట్టిరంగు, నిలువు పేలికలుగా చీలి ఉంటుంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. ఆ పేలికల సందుల్లో నాచు, నాచులో చిన్న ఫెర్న్ మొలకలు, వాటి మధ్య నుంచి బారులు తీరి పైకి పోతున్న చీమలు. తల పైకెత్తి చూస్తే కొమ్మలన్నీ ఒకే వైపుకు ఉన్నాయి, దక్షిణానికి. నచి గుడి ఉన్న దిక్కు అదే కాబట్టి చెట్లు కూడా దేవుడి వైపు చేతులు చాచాయని స్థానికుల నమ్మకం. ఉత్తరాన కొండ అడ్డం, వెలుతురు దక్షిణం నుంచే వస్తుంది. కొమ్మ వెలుతురున్న వైపే సాగుతుంది. రెండు మాటలూ నాకు ఇష్టమే. ఒకటి చెట్టు సంగతి చెబుతుంది, ఇంకోటి ఆ చెట్టు కింద తరతరాలుగా నిలబడ్డ మనుషుల సంగతి చెబుతుంది.

ఆ చెట్లు ఇప్పుడు లెక్కపెడితే పట్టుమని పది లేవు. ఒకప్పుడు ఇంకా చాలా ఉండేవి. ఆ కొన్నయినా ఎలా మిగిలాయో చెప్పాలి. నిజానికి ఈ కథ చెప్పాలనే ఈ రోజును ఎంచుకున్నాను.

1906లో జపాన్ ప్రభుత్వం గుళ్లను కలిపేయాలని ఉత్తర్వు ఇచ్చింది. ఊరికొక గుడి చాలు, చిన్నవాటిని మూసేసి పెద్దదాంట్లో విలీనం చేయండి అని. చూడ్డానికి పాలన సంస్కరణ. కానీ మూతపడ్డ గుడి స్థలం, అందులోని చెట్లు అమ్మకానికి వస్తాయి కదా. వందల ఏళ్ల సుగి, హినొకి అనే జపాన్ సైప్రస్, కర్పూర చెట్లకు బోలెడంత ధర. దేశం మొత్తం మీద 70,000 దాకా గుళ్లు మూతపడ్డాయి. అందులోనూ ఈ వకయామా, పక్కనున్న మియె ప్రాంతాల్లో దెబ్బ చాలా గట్టిగా పడింది. గుడి వనాలను గొడ్డళ్లతో నేలమట్టం చేశారు.

దానికి అడ్డం నిలిచినవాడు మినకతా కుమగుసు. 1867లో వకయామాలో పుట్టాడు. కుర్రతనంలోనే అమెరికా వెళ్లి, అక్కణ్నుంచి లండన్ చేరి, బ్రిటిష్ మ్యూజియంలో ఏళ్ల తరబడి చదువుకున్నాడు. నేచర్ పత్రికలో ఆయన రాసినవి 50 దాకా అచ్చయ్యాయి. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. 1900లో తిరిగొచ్చి ఈ కుమానో అడవుల్లో నాచులు, పుట్టగొడుగులు, స్లైమ్ మోల్డ్‌లు ఏరడం మొదలుపెట్టాడు. స్లైమ్ మోల్డ్ అంటే కుళ్లిన చెక్క మీద జిగురులా పాకే ప్రాణి. మొక్క కాదు, జంతువూ కాదు, పుట్టగొడుగుల జాతీ కాదు. వానాకాలంలో మన ఇంటి వెనక పడున్న దుంగల మీద కూడా పసుపు రంగులో కనపడుతుంది, చాలామంది చూసే ఉంటారు. తర్వాత తనబె పట్నంలో స్థిరపడ్డాడు. నకహెచి దారికి వెళ్లే బస్సులు ఈ రోజు ఆ పట్నం నుంచే బయలుదేరతాయి.

తను రోజూ తిరిగే గుడి వనాలు ఒక్కొక్కటే మాయమవుతుంటే ఆయన ఊరుకోలేదు. పత్రికల్లో రాశాడు, అధికారులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఆ వాదన ఈ రోజు చదివినా పాతబడలేదు. వనం పోతే పక్షులు పోతాయి, పక్షులు పోతే పురుగు పెరిగి పంట పోతుంది. ఒడ్డున చెట్ల నీడ పోతే చేపలు దగ్గరికి రావు, జాలర్ల నోట్లో మట్టి పడుతుంది. ఊరివాళ్లు కలుసుకునే చోటు పోతే ఊరిలో కట్టు తప్పుతుంది. పెద్ద చెట్టు ఒక్కటి కాదు, దాని కిందుండే పొదలు, నాచు, పురుగు అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతాయని 1911లోనే ఎకాలజీ అన్న మాట వాడి అధికారులకు రాశాడు. అప్పటికి ఆ శాస్త్రం యూరప్‌లోనే కొత్తది.

1910లో తనబెలో ప్రభుత్వ అధికారి ఒకరు పాల్గొన్న సభలోకి దూసుకెళ్లి గొడవ చేసినందుకు ఆయన్ను రెండు వారాలకు పైగా జైల్లో పెట్టారు. జైలు ఆవరణలో కూడా ఒక స్లైమ్ మోల్డ్‌ను గమనించాడంటారు. నాకు ఆ మనిషి ఎక్కడ నచ్చాడంటే, కోపం వచ్చినా చూపు చెదరలేదు. చివరికి 1920 నాటికి ఆ విలీన విధానం ఆగిపోయింది. అప్పటికే చాలా వనాలు పోయాయి. కొన్ని నిలిచాయి. త్సుగిజకురా ఓజి మెట్ల పక్కనున్న చెట్లు ఆ నిలిచినవాటిలోవి. 1929లో షోవా చక్రవర్తి తనబె వచ్చినప్పుడు కుమగుసు ఆయనకు స్లైమ్ మోల్డ్‌ల గురించి వివరించి, నమూనాలను మామూలు క్యారమెల్ మిఠాయి డబ్బాల్లో పెట్టి ఇచ్చాడు. చక్రవర్తి కూడా జీవశాస్త్రం మీద ఇష్టమున్నవాడే. ఆ డబ్బాల సంగతి జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అక్కణ్నుంచి దారి అడవిలోకి పోతుంది. ప్రతి 500 మీటర్లకు ఒక కొయ్య, దాని మీద అంకె. తకిజిరి అనే ఓజి దగ్గర 1తో మొదలై హొంగు దగ్గరికి వచ్చేసరికి 75 చేరతాయి. "అక్కా, ఇంకెంత దూరం?" అని మా చెల్లెలు అడగాల్సిన పని లేకుండా పోయింది. దారి తప్పే అవకాశమున్న చోట 'ఇది కుమానో కోదో కాదు' అని పలక కూడా పెట్టారు.

ఇక అడవి. ఇక్కడ నిజం చెప్పాలి. ఫోటోల్లో కనిపించే ఆ నిలువెత్తు చెట్ల బారులు చూసి ఆదిమ అడవి అనుకుంటాం. అందులో ఎక్కువ భాగం మనుషులు నాటిన తోట. సుగి, హినొకి, సుగి, హినొకి. అన్నీ ఒకే వయసు, ఒకే లావు. జపాన్ నేలలో మూడింట రెండొంతులు అడవే, అందులో 40 శాతం ఇలా నాటిందే. రెండో ప్రపంచ యుద్ధంలో నగరాలు తగలబడ్డాయి, ఇళ్లు కట్టాలంటే కలప కావాలి. కొండల మీద ఉన్న ఓక్, చెస్ట్‌నట్ లాంటి రకరకాల చెట్లు కొట్టేసి, త్వరగా నిటారుగా పెరిగే సుగిని కోట్లలో నాటారు. అది పెరిగి చేతికొచ్చేలోపు 1964లో కలప దిగుమతికి తలుపులు పూర్తిగా తెరిచారు. బయటి కలప చవక. ఇక్కడి కలపకు ధర పడిపోయింది, కుర్రాళ్లు పట్నాలకు వెళ్లిపోయారు, తోటల్లో చెట్లను పలచన చేసేవాళ్లు లేకుండా పోయారు. పలచన చేయని తోటలోకి వెళితే మధ్యాహ్నం కూడా మసక చీకటే. నేల మీద ఎండిన సుగి రెమ్మలు తప్ప పచ్చని మొక్క కనపడదు. పిట్ట కూత కూడా తక్కువే. ప్రతి వసంతంలో ఆ చెట్లు వదిలే పుప్పొడికి దేశంలో ఎంతోమంది తుమ్ములతో, కళ్ల మంటతో అవస్థ పడతారు. 2023లో ప్రభుత్వం పదేళ్లలో సుగి తోటలను 20 శాతం తగ్గిస్తామని ప్రకటించింది.

అంతమాత్రాన ఆ తోటలను తిట్టను. ఇళ్లు లేని జనం కోసం నాటినవి అవి. శ్రద్ధగా చూసుకుంటున్న చోట ఎంత తేడానో అదే రోజు చూశాం. పలచన చేసిన వాలు మీద వెలుతురు మచ్చలుగా పడుతోంది, నడుమెత్తు ఫెర్న్‌లు, మధ్యలో ఆకులు వెడల్పుగా ఉన్న స్థానిక చెట్ల పిల్లలు లేస్తున్నాయి. నరికిన మోడు ఒకటి కనపడింది. కూర్చుని వలయాలు చూశాను. మధ్యలో వెడల్పు వలయాలు, పోను పోను దగ్గరపడి దారాల్లా అయిపోయాయి, చివర్లో మళ్లీ వెడల్పయ్యాయి. చుట్టూ ఒత్తుగా ఉన్నంత కాలం ఆ చెట్టు వెలుతురు కోసం కొట్లాడింది. పక్క చెట్లు తీశాక ఊపిరి పీల్చుకుంది. క్లాసులో బొమ్మ గీసి చెప్పే పాఠం అది.

రెండు కనుమలు ఎక్కి దిగాక, యుకవా ఓజి చుట్టుపక్కల ఇంకో దృశ్యం. సుగి చెట్ల మధ్య మెట్లు మెట్లుగా రాతికట్టలు. ముందు పాత కోట గోడ అనుకున్నాం. చూస్తే అవి వరి మళ్ల గట్లు. అక్కడ ఊరుండేది, యాత్రికులకు బసలుండేవి. గత శతాబ్దంలో జనం వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ మళ్లలో సుగి నాటారు. రాళ్లు ఎక్కడా కదల్లేదు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పొందిగ్గా పేర్చి కట్టిన గట్టు. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినదాన్ని, మడిలో చెట్టు చూస్తే మనసు కలుక్కుమంది. మా చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు.

దారిలో ఒకచోట పాత మార్గం మూసేసి చుట్టుదారి పెట్టారు. 2011 సెప్టెంబరులో తలాస్ తుపాను చాలా నెమ్మదిగా కదులుతూ ఈ కొండల మీద రోజుల తరబడి వాన కురిపించింది. కొన్నిచోట్ల ఐదారు రోజుల్లో 1,800 మిల్లీమీటర్లు దాటింది వాన. కొండలు రాయితో సహా విరిగి జారాయి. చెట్ల వేళ్లు పైమట్టిని పట్టుకుంటాయి గానీ, అడుగు రాయే కదిలితే ఏ అడవీ ఆపలేదు. ఆ చుట్టుదారి ఎక్కుడు గట్టిగానే ఉంటుంది, మోకాళ్లు నొప్పులున్నవాళ్లకు చేతికర్ర తప్పనిసరి. పాత రాతిపరుపు మీద నాచు పట్టి ఉంటుంది, వాన పడితే జారుడే జారుడు. ఈ దారులకు ప్రతి వానాకాలం తర్వాత మట్టి కొట్టుకుపోతుంది. వకయామాలో నడకకు వచ్చినవాళ్లే సంచుల్లో మట్టి మోసుకొచ్చి, కోసుకుపోయిన చోట పోసి, దిమ్మిసతో కొట్టి వెళ్లే పద్ధతి ఉంది. ఎంత మంచి పద్ధతి!

మధ్యాహ్నం బసవాళ్లు కట్టిచ్చిన అన్నం ముద్దలు తిన్నాం. మధ్యలో ఉప్పులో ఊరబెట్టిన ఉమె అనే ఆప్రికాట్ జాతి కాయ. ఉమె పంటలో జపాన్ మొత్తానికి ఈ వకయామాదే మొదటి స్థానం. ఆ పులుపు ఆంధ్ర నాలుకకు వెంటనే నచ్చుతుంది. శాకాహారులు మాత్రం బస మాట్లాడుకునేటప్పుడే గట్టిగా చెప్పాలి. చేప కనపడకపోయినా చారులో చేపల సారం ఉంటుంది.

హొష్షిన్‌మొన్ ఓజికి చేరేసరికి అడవి పలచబడి తేయాకు మొక్కలు, కూరగాయల మళ్లు, ఇళ్లు కనపడతాయి. హొష్షిన్ అంటే బోధిచిత్తం, అంటే జ్ఞానోదయం పొందాలన్న సంకల్పం, కలగడం. పూర్వం హొంగు పుణ్యక్షేత్రానికి ఇది సింహద్వారం. హొంగు దేవుణ్ని అమితాభ బుద్ధుడి రూపంగా కొలిచారు. మన దేశంలో పుట్టిన ఆలోచన చైనా, కొరియా దాటి ఈ కొండల్లో స్థానిక దేవుళ్లతో కలిసిపోయింది.

ఇక్కడి నుంచి గంట నడిస్తే ఫుషిఒగామి ఓజి. దూరాన హొంగు లోయ మొదటిసారి కనపడేది ఇక్కడే. యాత్రికులు ఇక్కడ సాష్టాంగపడేవారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో జీవించిన కవయిత్రి ఇజుమి షికిబు గురించి ఇక్కడో ఐతిహ్యం ఉంది. అన్ని రోజులు నడిచి, గుడి కనపడుతున్న చోటికి వచ్చాక ఆమె బయట చేరింది. ఇక దర్శనం లేదని కుమిలి ఒక పద్యం చెప్పుకుంది. ఆ రాత్రి కుమానో దేవుడు కలలో కనపడి, లోకపు దుమ్ములో కలిసి తిరిగేవాణ్ని నేను, నాకు నీ ముట్టు అడ్డమా, రా అన్నాడట. ఈ గదిలో ఉన్న ఆడవాళ్లకు ఈ కథ విలువ నేను వివరించక్కర్లేదు. కుమానో ఆడవాళ్లను, రోగులను, గుడ్డివాళ్లను రానిచ్చిన చోటుగా పేరుపొందింది. అదే యునెస్కో జాబితాలో ఉన్న ఒమినె పర్వతం మీదికి ఆడవాళ్లను ఈనాటికీ వెళ్లనివ్వరు. రెండూ ఒకే ద్వీపకల్పంలో ఉన్నాయి. నేను ఫుషిఒగామి దగ్గర ఉన్నంతసేపు కూర్చుని ఆ లోయను చూశాను.

హొంగు అసలు గుడి ఇప్పుడున్న చోట కాదు, నది మధ్య ఇసుకతిన్నె మీద ఉండేది. 1889 ఆగస్టులో మహా వరద వచ్చి గుళ్లలో చాలావాటిని ఊడ్చుకుపోయింది. ఎగువన తొత్సుకవా ఊరు ఎంత దెబ్బతిన్నదంటే, 2,000 మందికి పైగా సొంత ఊరు వదిలి ఉత్తరాన హొక్కైదో వెళ్లి కొత్త తొత్సుకవా కట్టుకున్నారు. ఎగువ కొండల్లో చెట్లు నరికేయడం వరదను పెంచిందని చాలామంది అంటారు. మిగిలిన గుళ్లను 1891లో గట్టు మీదికి మార్చారు. పాత చోట ఇప్పుడు పెద్ద ద్వార తోరణం ఒకటి ఉంది. 2000లో కట్టారు, ఎత్తు 33.9 మీటర్లు. నాకు మాత్రం తోరణం కన్నా గట్టు మీది గుడి పైకప్పే ఎక్కువ నచ్చింది. పెంకు కాదు, రేకు కాదు, హినొకి బెరడు. ఒక్కో పొర చాలా పలచన, పొర మీద పొర పేర్చి వెదురు మేకులతో కుట్టినట్టు బిగిస్తారు. చూరు దగ్గర నిలబడి పైకి చూస్తే ఆ పొరలన్నీ కనపడతాయి. ఆ బెరడు నిలబడి ఉన్న పెద్ద చెట్టు నుంచే ఒలుస్తారు, లోపలి పొరకు దెబ్బ తగలకుండా. చెట్టు చావదు. పదేళ్లకు మళ్లీ బెరడు కడుతుంది, మళ్లీ ఒలుస్తారు. ముదిరిన చెట్లుంటేనే ఆ పని సాగుతుంది. ఆ పనితనానికి కూడా 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. వసంతం, శరదృతువు మంచివి. జూన్ వానలు, సెప్టెంబరు తుపానులు చూసుకోవాలి. బస్సులు తక్కువ, వేళలు ముందే రాసిపెట్టుకోండి. బసలు చిన్నవి, నెలల ముందే మాట్లాడుకోవాలి. సామాను ఒక బస నుంచి ఇంకో బసకు చేర్చే ఏర్పాటు ఉంది, వీపు మీద నీళ్లు, వానకోటు, అన్నం పొట్లం ఉంటే చాలు. 20 కిలోమీటర్లు మావల్ల కాదు అనుకునేవాళ్లు హొష్షిన్‌మొన్ దాకా బస్సులో వెళ్లి చివరి 7 కిలోమీటర్లు నడవండి, ఎక్కువ భాగం దిగుడే. కానీ ముందు రోజు వీలుచేసుకుని త్సుగిజకురా వెళ్లండి. కింద రోడ్డు మీద ఆ చెట్ల పేరుతోనే బస్సు స్టాపు ఉంది, అక్కణ్నుంచి కాసేపు ఎక్కితే చాలు. ఒక గంట అయినా ఆ చెట్ల కింద ఉండండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.